వేడెక్కాక ఆగిపోతున్న బండి: క్రాంక్ సెన్సార్ మార్చినా పి0335 మళ్లీ వస్తోంది

కృష్ణలంక_బండి:
2014 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. విజయవాడ నుంచి గుంటూరు వెళ్తుంటే కాజ టోల్‌గేట్ దగ్గరికొచ్చేసరికి ఇంజిన్ ఠక్కున ఆగిపోతోంది. అరగంట చల్లారితే మామూలుగా స్టార్టవుతోంది. స్కానర్‌లో పి0335, అంటే క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ షాఫ్ట్ తిరగడాన్ని పసిగట్టేది) సర్క్యూట్‌లో లోపం. ఆ సెన్సార్ కొత్తది వేయించాక కూడా అదే కోడ్. సాకెట్‌కి మూడు తీగలు. ఇప్పుడు క్యామ్ సెన్సార్ మార్చమంటున్నారు. మార్చాలా, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) చూపించాలా?

వైరింగ్_బాబాయ్:
రెండూ వద్దండి. క్యామ్ సర్క్యూట్‌కి వచ్చేది పి0340, మీకది రాలేదు. పి0335 వచ్చిందంటే సెన్సారే పోయిందని కాదు. తీగ, సాకెట్, ఈసీఎం పిన్ను, ఎందులో తేడా ఉన్నా అదే కోడ్ పడుతుంది.

బండి ఆగిపోయి ఉన్నప్పుడే లైవ్ డేటాలో ఆర్పీఎం పెట్టి సెల్ఫ్ కొట్టండి. 200 అటూఇటూ చూపించాలి. సున్నా ఉంటే సిగ్నల్ ఈసీఎం దాకా చేరట్లేదు.

మూడు తీగలంటే చాలావరకు హాల్ రకం (లోపల ఎలక్ట్రానిక్ చిప్ ఉండేది). దాన్ని ఓమ్స్‌లో పెట్టి కొలిస్తే ఏమీ తేలదు, అది రెండు తీగల కాయిల్ రకానికి చేసే పని. మీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి, సాకెట్ ఊడదీసి, తాళం ఆన్ చేయండి. సప్లై పిన్నులో 5 వోల్టులు రావాలి, కొన్ని బండ్లలో 12. సిగ్నల్ పిన్నులో కూడా మామూలుగా 5 ఉంటుంది, అది ఈసీఎం పంపేది. సప్లై పడిపోతే అదే 5 వోల్టుల లైను మీదున్న మిగతా సెన్సార్లను ఒక్కొక్కటే ఊడదీస్తూ చూడండి, ఒకటి షార్టయితే అన్నీ చస్తాయి.

ఎర్త్ మాత్రం సాకెట్ తగిలించే చూడాలి. సాకెట్ వెనకనుంచి సన్నటి పిన్ను దూర్చి, దానికీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలవండి. 0.1 వోల్టు దాటకూడదు. ఊడదీస్తే కరెంటు పారదు కాబట్టి చెడిన ఎర్త్ కూడా బాగున్నట్టే చూపిస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఈసీఎంకి కలిసి ఉన్న సిగ్నల్ తీగకు టెస్ట్ ల్యాంపు తగిలించొద్దు.

కృష్ణలంక_బండి:
చల్లగా ఉండగా సప్లై 5.02, ఎర్త్ 0.03, సిగ్నల్ 4.9. వేడికి ఆగిపోయినప్పుడు సెల్ఫ్ కొడితే ఆర్పీఎం సున్నా. సాకెట్ ఊడదీసి చూస్తే సప్లై అలాగే ఉంది, సిగ్నల్ మాత్రం 0.00.

గుంటూరు_మీటర్:
అయితే సెన్సార్ నిర్దోషి. సాకెట్ ఊడదీశాక కూడా సున్నా అంటే సిగ్నల్ తీగ తెగిందా, బాడీకి తగులుతోందా అన్నదే తేల్చాలి. వేడి మీదే బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీఎం సాకెట్ కూడా ఊడదీయండి. మీటర్ బీప్ మోడ్‌లో పెట్టండి, సిగ్నల్ పిన్నుకీ బాడీకీ మధ్య బీప్ వస్తే షార్ట్. రాకపోతే ఆ తీగ సెన్సార్ వైపు చివరకీ ఈసీఎం వైపు చివరకీ మధ్య చూడండి. ఒక్క రాగి పోగు మిగిలినా మీటర్ బీప్ కొడుతుంది, దాన్ని నమ్మొద్దు. రెండు చివరలూ ఊడి ఉండగానే, విడి బ్యాటరీ ఉంటే ఆ తీగ గుండా 12 వోల్టుల 5 వాట్ల బల్బు వెలిగించండి. మసకగా వెలిగితే తీగ లోపల తెగినట్టే. రెండు పరీక్షల్లోనూ తీగ బాగానే ఉంటేనే ఈసీఎం మీద అనుమానపడండి.

పరీక్ష జరుగుతుండగా ఎగ్జాస్ట్ దగ్గర, గేర్‌బాక్స్ బ్రాకెట్ దగ్గర తీగల కట్టను కదిలించండి. క్లిప్పు ఊడితే కట్ట వేడి లోహానికి ఆనుకుని తొడుగు పెళుసెక్కుతుంది. ఎలుకల పళ్లగాట్లు కూడా వెతకండి.

వైరింగ్_బాబాయ్:
దొరికాక ఉత్త టేపు చుట్టి వదిలేయొద్దు, ఇంజిన్ వేడికి జిగురు కారి ఊడిపోతుంది. చెడిన ముక్క కోసేసి, అదే మందం తీగతో సోల్డర్ చేసి, హీట్‌ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) వేసి, కట్టను పాత దారిలోనే క్లిప్పులకు బిగించండి. అతుకు వంపులో రాకుండా చూసుకోండి, కదలికకు సోల్డర్ అంచున తీగ విరుగుతుంది.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు మునిగిన బండైతే ఈసీఎం సాకెట్ పిన్నుల్లో పచ్చటి చిలుము పట్టిందేమో కూడా చూడండి. నీళ్లు రాగి పోగుల వెంట తొడుగు లోపలే పాకుతాయి, పైకి తీగ కొత్తదానిలాగే ఉంటుంది.