యుద్ధం పొగ ముందు దీపావళి టపాసులు ఎంత? ఈ మెసేజ్ నమ్మొచ్చా?

వేళచ్చేరి కోడలు:
మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నిన్నటి నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. "ఒక్క క్షిపణి వదిలే పొగ ముందు మన దేశం వందేళ్లు కాల్చే టపాసులు దిగదుడుపు. మరి ఆంక్షలు మన పండక్కేనా?" అని. కింద ఆకాశమంతా ఎర్రగా మండుతున్న వీడియో. మా మామగారికి ఉబ్బసం. నిజమో కాదో చూసి పంపండి అన్నందుకు, పండగంటే గిట్టని మనిషినని నాకు పేరు పెట్టారు. మీరేమంటారు?

మనలి కుర్రాడు:
అక్కా, లెక్క తప్పయినా అడిగింది న్యాయమే కదా. నేను పుట్టి పెరిగింది చెన్నైలోని మనలిలో. రిఫైనరీ వాసన మాకు ఏడాది పొడుగునా ఉండేదే. అప్పుడు అడగని వాళ్లందరికీ దీపావళికి గాలి గుర్తొస్తుంది. తమిళనాడులో కాల్చుకోమని ఇచ్చిందే పొద్దున ఆరు నుంచి ఏడు, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది. అదీ వద్దంటే శివకాశిలో మందు కూరి బతికేవాళ్లకు పని ఎవరిస్తారు?

పెరంబూర్ మాస్టారు:
ముందు వీడియో సంగతి. ఒక చోట ఆపి, ఆ బొమ్మను గూగుల్ లెన్స్‌లో వెతికాను. 2023 అక్టోబర్‌లో గాజా మీద దాడి అంటూ తిరిగిన వీడియోనే ఇది. తీసింది అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో, ఒక ఫుట్‌బాల్ క్లబ్ అభిమానుల సంబరంలో. బాంబులని మనకు చూపిస్తున్నది బాణసంచానే.

ఇక "ఒక్క క్షిపణి, వందేళ్లు". ఏ క్షిపణి, ఎంత పొగ, కొలిచింది ఎవరు? మెసేజ్‌లో ఒక్కటీ లేదు. యుద్ధం గాలిని పాడు చేయదని నేననను. 1991లో కువైట్‌లో ఆరు వందలకు పైగా చమురు బావులు తగలబడితే, అన్నీ ఆర్పేసరికి నవంబర్ వచ్చింది. దాని ముందు మన టపాసుల పొగ ఎంత? కానీ మీ మామగారి ఆయాసానికి ఆ పోలికతో పనిలేదు. ఆయన ముక్కు దగ్గర, ఆ గంటలో, గాలి ఎలా ఉందన్నదే లెక్క.

పీఎం 2.5 అనే సన్న ధూళికి మన దేశం పెట్టుకున్న హద్దు 24 గంటల సగటున ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు. పుణెలో ఛెస్ట్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు, కాల్చేవాళ్లు మామూలుగా నిలబడే దూరంలో కొలిస్తే, చిచ్చుబుడ్డి దగ్గర 4,860 దాకా వెళ్లింది. పాముబిళ్ల దగ్గర 64,500. ఇవి కాసేపు ఉండే గరిష్ఠాలు, రోజంతా సగటుతో నేరుగా పోల్చకూడదు. అయినా చూడండి, చప్పుడు లేదు కదా అని పాముబిళ్లనే మనం పసిపిల్లల చేతికిస్తాం. వాళ్లు దాని మీదికి వంగి మరీ చూస్తారు.

వేళచ్చేరి కోడలు:
మాస్టారూ, పోయిన ఏడాది తలుపు కింద తడి తువ్వాలు కుక్కి కూర్చున్నాం. కారిడార్‌లో పిల్లలు వెలిగించినవి అవే. టైల్ మీద ఆ నల్ల మచ్చలు ఇంకా పోలేదు.

మనలి కుర్రాడు:
భోగికి టైర్లు తగలబెడితే మాత్రం ఎవరూ మాట్లాడరేం?

పెరంబూర్ మాస్టారు:
ఎందుకు మాట్లాడలేదు తమ్ముడూ? 2018 భోగికి పొగా మంచూ కలిసి చెన్నై ఎయిర్‌పోర్టులో విమానాలే ఆగిపోయాయి. టైర్లు కాల్చొద్దని అప్పటికే చెబుతున్నారు, ఇప్పుడూ చెబుతున్నారు. నీ మనలి బాధ నిజమైనది. దాని మీద విడిగా అడుగుదాం, నేనూ వస్తాను.

మనలి కుర్రాడు:
శివకాశి మాట మీద నేను తగ్గను. కానీ మా అక్క పిల్లలకి కొన్న సంచిలో పాముబిళ్లల డబ్బాలు నాలుగున్నాయి. అవి తీసేస్తున్నాను. మనలి గురించి రేపే మొదలుపెడతాను, మాస్టారూ, వస్తానన్నారు, మరిచిపోవద్దు.