పనస చెక్క గిటార్ బాడీ క్యాడ్‌లో (కంప్యూటర్ డ్రాయింగ్) గీస్తున్నా, ఫిల్లెట్ (అంచు గుండ్రం చేయడం) దగ్గర చచ్చిపోతున్నా, ఎవరైనా చూడండి

పరవాడ_షిఫ్ట్:
నమస్తే అండి అందరికీ. పోస్టు కాస్త పొడుగే, తిట్టుకోకుండా చదవండి. అడవివరంలో మా తాతయ్యగారింటి పెరట్లో పనస చెట్టు ఒకటుండేది, 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్‌కి వేళ్ళతో సహా లేచిపోయింది, పొయ్యిలో పెట్టడానికి తాతకి మనసొప్పక కోత మిల్లుకి పట్టుకెళ్ళి పలకలు కోయించి అటకెక్కించాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, రెండంగుళాల మందం, తొమ్మిదంగుళాల వెడల్పు. బొబ్బిలి వీణలు పనస చెక్కతోనే చేస్తారు కదా, వీణకి పనికొచ్చింది గిటార్‌కి ఎందుకు పనికిరాదు అని బుర్రలో పురుగు తొలచడం మొదలెట్టింది. నెక్ ఆన్‌లైన్‌లో రెడీమేడ్‌ది కొనేశా, మేపుల్ చెక్క, 21 ఫ్రెట్లు (అడ్డంగా ఉండే లోహపు గట్లు), స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్) టైపు. బాడీ మాత్రం ఫ్రీక్యాడ్‌లో గీసి గాజువాక ఆటోనగర్‌లో సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత మిషన్) మీద కోయిద్దామని ప్లాన్.

నెట్‌లో ఫోటో ఒకటి దింపి స్కెచ్ వెనకాల పెట్టి చుట్టూ బీ-స్ప్లైన్ (వంపు గీత) పాయింట్లు పెట్టుకుంటూ పోయా. లెక్కపెడితే 137. స్క్రీన్ మీద సూపర్‌గా ఉంది. 44.5 ఎంఎం మందం ఇచ్చా, ఓకే. నెక్ పాకెట్ (నెక్ కూర్చునే గుంట), రెండు హంబకర్ల (తీగ శబ్దం పట్టే పికప్‌ల) గుంటలు కొట్టా, ఓకే. చివర్లో చుట్టూ అంచుకి 12 ఎంఎం ఫిల్లెట్ ఇస్తే ఎర్రర్. 5 ఇచ్చా, ఎర్రర్. 2 ఇస్తే వచ్చింది కానీ పై కొమ్ము (నెక్ పక్కన బాడీ పొడుచుకొచ్చే చోటు) దగ్గర నలిగిన చొక్కా కాలర్‌లా ఉంది. మూడు రాత్రులు పోయాయి, బి షిఫ్ట్ దిగొచ్చి కూర్చుంటున్నా, మా అమ్మేమో ఆ గిటారేదో కొనేసుకోరాదా నాయనా అంటోంది. పాయింట్లు ఇంకా పెంచాలా? ఫోటో ఇంకా క్లియర్‌ది వెతకాలా?

ఆరో_తీగ:
బ్రో పెంచకు, తగ్గించు. నేనూ మొదట్లో అదే చేశా, అనుభవించా. ఫిల్లెట్ అంటే 12 ఎంఎం రేడియస్ గోళీ ఒకటి చెక్క లోపల అంచు వెంబడి దొర్లుతున్నట్టు అనుకో. బయటికి ఉబ్బిన చోట ఆ వంపు రేడియస్ 12 కన్నా తక్కువుంటే గోళీకి చోటుండదు, సాఫ్ట్‌వేర్ చేతులెత్తేస్తుంది. నువ్వు 137 పాయింట్లు చేత్తో నొక్కావు కదా, ఒక్కోటి అర ఎంఎం అటో ఇటో పోయుంటుంది, కంటికి కనపడదు కానీ ప్రతి పాయింట్ దగ్గరా చిన్న బుడిపె ఉంటుంది, ఆ బుడిపె రేడియస్ ఏ మూడో నాలుగో. అందుకే 2కి వచ్చింది 5కి రాలేదు. కట్‌అవే (కొమ్ముకీ నెక్‌కీ మధ్య ఖాళీ) లోపలి వంపుల్లో ఈ గోల ఉండదు, కొమ్ముల చివర్లే చూసుకో.

ఇంకోటి, ఆర్డర్ మార్చు. ముందు బాడీ దిమ్మ, తర్వాత చెయ్యి ఆనే చోటు, వెనకాల పొట్ట దగ్గర తొలిచే వంపు, ఆ తర్వాత ఫిల్లెట్, పాకెట్లూ గుంటలూ అన్నిటికన్నా చివర. నువ్వు పాకెట్ ముందే కొట్టేశావు కాబట్టి అంచు అక్కడ తెగిపోయి పదునైన మూలలొచ్చాయి, ఫిల్లెట్ అక్కడా తంతుంది. (చేత్తో రౌటర్ పట్టి చేసేవాళ్ళు ఉల్టా, అంచు గుండ్రం ముందు చేసి వంపులు తర్వాత తీస్తారు, రౌటర్ కూర్చోడానికి చదును కావాలి కదా. క్యాడ్‌లో ఆ బాధ లేదు.)

పొట్ట వంపు మానెయ్యకు మాత్రం. టెలీకాస్టర్ అంచులు పక్కటెముకలకి గుచ్చుకుంటున్నాయని వాయించేవాళ్ళు మొత్తుకుంటేనే 1954 స్ట్రాట్‌కి ఆ వంపులొచ్చాయి.

అన్నట్టు ఫోటోకి స్కేలు ఎలా ఇచ్చావు?

పరవాడ_షిఫ్ట్:
నెక్ పాకెట్ వెడల్పు 56 అని ఎక్కడో చదివా, ఫోటోలో అది కొలిచి కాలిబ్రేట్ చేశా బ్రో.

ఆరో_తీగ:
అయ్యో. 56లో 1 ఎంఎం తేడా నొక్కావనుకో, నాలుగొందల ఎంఎం దగ్గరికొచ్చేసరికి అది 7 అవుతుంది. పొడుగు కొలత పట్టుకో ఎప్పుడూ. ఫోటోలో నెక్ ఉంటే నట్ (నెక్ పై చివర తీగలు ఆనే ముక్క) నుంచి 12వ ఫ్రెట్‌కి 323.85, ఎందుకంటే స్ట్రాట్ స్కేలు (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడుగు) 647.7, అందులో సగం. అదీ ఎదురుగా నిలబడి దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫోటో అయితేనే, సెల్లు దగ్గర పెట్టి తీసింది అయితే అంచులు సాగిపోతాయి.

అసలు నన్నడిగితే ఫోటో పక్కన పెట్టెయ్. ఖాళీ స్కెచ్‌లో సెంటర్ లైన్ ఒకటి గియ్యి. నీకున్న నెక్కే నీ దేవుడు. నట్ నుంచి హీల్ (పాకెట్‌లో కూర్చునే నెక్ అడుగు) చివరికి టేపుతో కొలువు, 463 వచ్చిందనుకో, 647.7 లోంచి తీసేస్తే 184 చిల్లర, అంటే పాకెట్ వెనక గోడ నుంచి అంత దూరంలో సన్న 'E' తీగ శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) ఉండాలి. లావు తీగల శాడిల్ ఇంకో రెండు మూడు ఎంఎం వెనక్కి పోతుంది, అందుకని బ్రిడ్జి బిగించేటప్పుడు స్క్రూలకి వెనక్కి జరిగే జాగా వదులు. ఇవి ఫిక్స్ అయ్యాక బాడీ షేపు నీ ఇష్టం, కొమ్ములు ఎలా పెట్టుకున్నా పలుకుతుంది. ఇవి తప్పితే ఎంత అందమైన బాడీ అయినా గోడకి తగిలించుకోవాలి.

ఇంకో స్కెచ్ పక్క నుంచి చూసినట్టు గియ్యి, దాన్ని అందరూ ఎగ్గొడతారు. హీల్ మందం 25.4, పాకెట్ లోతు 15.9, అంటే ఫ్రెట్‌బోర్డు పైభాగం బాడీకి 9.5 పైన ఉంటుంది, దాని మీద ఫ్రెట్టు ఒక ఎంఎం, తీగ ఇంకో రెండు. దీనికి సరిపడే ఎత్తులో కూర్చునే బ్రిడ్జి కొనాలి. లెస్‌పాల్ టైపు ట్యూనోమాటిక్ బ్రిడ్జి కొన్నావో అది ఎత్తుగా ఉంటుంది, అప్పుడు నెక్‌ని వాల్చాలి లేదా బ్రిడ్జిని దించాలి. బ్రిడ్జి చేతికొచ్చాకే గీత ముట్టుకో.

సింధియా_లాఫ్ట్:
బాబూ, నాకు గిటార్ రాదు, మా మనవడు చూపిస్తే చదివాను. నేను షిప్‌యార్డులో లాఫ్ట్‌లో పనిచేసి రిటైరయ్యాను. నీ 137 పాయింట్లు చూసి నవ్వొచ్చింది, ఏమనుకోకు. ఆ స్ప్లైన్ అనే మాట ఎక్కడిదో తెలుసా, మా నేల మీదది. కంప్యూటర్లు రాకముందు ఓడ గీతలు లాఫ్ట్ అనే పెద్ద హాలు నేల మీద నిజం సైజులో గీసేవాళ్ళం. సన్నటి పొడుగాటి చెక్క బద్ద ఉంటుంది, అదే స్ప్లైన్. దాన్ని వంచి అక్కడక్కడ సీసం బరువులు పెడతాం. బరువుల మధ్యలో బద్ద తనకి నచ్చినట్టు వంగుతుంది, దాని వంపుకి మనం పెన్సిల్ పట్టుకుని వెనకాల పోవడమే. క్యాడ్‌లో లాఫ్ట్ అనే కమాండు కూడా ఆ హాలు పేరే.

కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు నీలాగే చేసేవాళ్ళు, గీత తప్పిపోతుందేమోనని జానెడుకో బరువు పెట్టేవాళ్ళు. మా మేస్త్రీ ఏమీ అనేవాడు కాదు, వచ్చి నేల మీద బోర్లా పడుకుని చెంప నేలకి ఆనించి ఒక కన్ను మూసి బద్ద వెంబడి చూసేవాడు. పై నుంచి నున్నగా కనపడిన గీత అలా చూస్తే పాము పాకినట్టు కనపడేది. లేచి ఒక్కో బరువూ తీసేవాడు. తీసినప్పుడల్లా బద్ద టక్కుమని కాస్త కదిలి సర్దుకునేది. కదలకపోతే ఆ బరువు అక్కడ అనవసరం అన్నమాట, బాగా ఎగిరితే ఆ బరువే గీతని పాడుచేస్తోందన్నమాట.

నీ ప్రోగ్రాంలో పడుకుని చూడ్డానికి బదులు దువ్వెన లాంటిది ఉంటుందని మా వాడు చూపించాడు, వంపు ఎంతుందో పళ్ళలా నిలబడి చూపిస్తుంది. పళ్ళు పెరిగి తగ్గితే మంచిదే, రంపంలా ఎగుడుదిగుడుగా ఉంటే చెడ్డది. గీత పాయింట్ల మీదుగానే పోయే రకం తీసుకో, చుట్టూ మూసుకునే రకం. వంపు ఎక్కువున్న చోట పాయింట్లు దగ్గరగా, చదునుగా పోయే చోట దూరంగా. నీ బొమ్మకి 15 దాటితే నాకు అనుమానమే.

గాజువాక_రౌటర్:
బాబాయ్‌గారు చెప్పింది అక్షరాలా నిజం, మిషన్ మీద కూడా తెలిసిపోతుంది. బుడిపెలున్న గీత ఇస్తే హెడ్డు గజగజలాడుకుంటూ పోతుంది, చెక్క మీద గీతలు పడతాయి, తర్వాత ఉప్పుకాగితం పెట్టి రుద్దలేక చస్తారు.

నేను మెయిన్ డోర్లు, దేవుడి మందిరాలు చెక్కుతాను ఎక్కువగా, గిటార్లు ఇప్పటికి రెండే కోశా. మొదటిది ఒక కుర్రాడు తెచ్చాడు, ఫైలు అంగుళాల్లో గీశాడు, డీఎక్స్‌ఎఫ్‌లో యూనిట్లు రాలేదు, నా సాఫ్ట్‌వేర్ ఎంఎం అనుకుని తెరిచింది, గిటార్ బాడీ అగ్గిపెట్టె కన్నా చిన్నది వచ్చింది స్క్రీన్ మీద, ఇద్దరం కాసేపు ఏటిది ఏటిది అని చూశాం. అందుకే గీత పక్కన 100 ఎంఎం చదరం ఒకటి గీసి పంపు, అది 100 చూపిస్తే అన్నీ కరెక్టే.

పాకెట్ మూలలు సూటిగా గియ్యకు. నేను వాడేది 6 ఎంఎం బిట్టు, లోపలి మూలలో ఎంత చేసినా 3 ఎంఎం గుండ్రం మిగిలిపోతుంది. నీ నెక్ హీల్ మూలలు పదునుగా ఉంటే కూర్చోదు, ఉలితో మూల తీసుకోవాలి లేదా హీల్‌నే కాస్త గుండ్రం చెయ్యాలి. 56 అని నెట్‌లో చదివింది వద్దు, హీల్‌ని వెర్నియర్‌తో కొలిచి దానికి 0.2 కలుపు. మన వైజాగ్ వానాకాలంలో తలుపులు ఎలా పడతాయో చూస్తున్నావుగా, పాకెట్టూ చెక్కే. పాలిష్ కూడా లోపలికి కాస్త దిగుతుంది.

బరువు చూసుకున్నావా? మోడల్ మీద నొక్కితే వాల్యూమ్ వస్తుంది, 4 లీటర్లు వచ్చిందనుకో, పనస లీటరుకి సుమారు 600 గ్రాములు లెక్కేసుకో, 2.4 కేజీలు. భుజం నీది కాబట్టి చెప్తున్నా.

అన్నిటికన్నా ముఖ్యం, పెరట్లో చెట్టు అన్నావు, మేకులుంటాయి. పాత ఇంటి చెక్కంటే నాకు భయం, తగిలిందంటే బిట్టు ఎగిరిపోతుంది. అయస్కాంతం పెట్టి రెండు పక్కలా తోమి తీసుకురా.

పరవాడ_షిఫ్ట్:
అందరికీ దండాలండి. అప్‌డేట్: ఫోటో తీసేసి సెంటర్ లైన్ నుంచి మళ్ళీ మొదలెట్టా. రెండు పలకల అతుకూ సెంటర్ లైన్ మీదే వచ్చేలా పెట్టా. బాబాయ్‌గారూ, 16 పాయింట్లు పట్టాయి, ఒకటి మీ లెక్క దాటింది క్షమించండి. ఒక పాయింట్ తీసినప్పుడు కింది వంపు నిజంగానే కదిలి సర్దుకుంది, తెల్లవారుజామున రెండింటికి ఒక్కడినే నవ్వుకున్నా. 12 ఎంఎం ఫిల్లెట్ ఒక్క క్లిక్‌కి పడిపోయింది.

నిజం సైజులో ప్రింట్ తీయిద్దామని ద్వారకానగర్‌లో ప్లాన్లు తీసే షాపుకెళ్ళా, వాళ్ళు కాగితానికి సరిపడేలా కుదించి తీశారు, 100 చదరం 96 వచ్చింది. చదరం లేకపోతే అలాగే ఇంటికొచ్చేసేవాడిని. రెండోసారి కరెక్టుగా వచ్చింది. ఫ్రిజ్ అట్టపెట్టె మీద అంటించి కోసి ఒళ్ళో పెట్టుకు చూస్తే పై కొమ్ము బాగా పొట్టిగా ఉంది, స్ట్రాప్ వేస్తే నెక్ కిందికి వాలిపోతుందనిపించి 15 ఎంఎం పెంచా. నాబ్‌లు ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క రంగు వేయించి చేయిద్దామని ఉంది, పాట్ (వాల్యూమ్ తిప్పే భాగం) షాఫ్ట్ 6 ఎంఎం అని చెప్తే సరిపోతుందా?

ఆరో_తీగ:
గరుకు పళ్ళున్న షాఫ్ట్ అయితే 6, నున్నటి గట్టి షాఫ్ట్ అయితే 6.35. ఏది కొన్నావో చూసి చెప్పు, అక్కడిదాకా వెళ్ళి రెండుసార్లు తిరక్కు. ఐడియా మాత్రం అదిరింది.

పరవాడ_షిఫ్ట్:
సరే బ్రో. రౌటర్ అన్నా, మేకుల సంగతి తాతనడిగా. 'మేకులేటిరా, ఒక్కటీ లేదు' అన్నాడు, భోజనం చేసి పడుకుని మళ్ళీ లేచొచ్చి 'మీ నాయనమ్మ బట్టల తాడుకి ఒక కొక్కెం కొట్టించింది, చెట్టు దాన్ని మింగేసింది' అన్నాడు. పాత స్పీకర్ మాగ్నెట్ పట్టుకుని అటకెక్కా. మొదటి పలక క్లీన్. రెండో పలకలో ఒక చివర, అంచుకి నాలుగు వేళ్ళ లోపల, టక్కున అంటుకుంది. పైకి ఏమీ కనపడదు, చిన్న నల్ల మచ్చ అంతే. ఆ చోటు కొలిచి మోడల్‌లో చుక్క పెట్టి అవుట్‌లైన్‌ని పలక మీద రెండో చివరకి జరిపా, ఇప్పుడు కొక్కెం కింది కట్‌అవే ఖాళీలో పడుతోంది, గీతకి 22 ఎంఎం దూరం. చాలా?

గాజువాక_రౌటర్:
కొక్కెం లోపల ఎటు వంగిందో నీకేం తెలుసు. ఆ ముక్క ముందు చేత్తో కోసేసి తీసుకురా, అప్పుడు ఎక్కిస్తా. ఆదివారం అయితే పదకొండు దాటాక రా, పొద్దున్న ఒక మందిరం డెలివరీ ఉంది.