ఎమ్‌ఐ (మినరల్ ఇన్సులేటెడ్) థర్మోకపుల్: నాలుగు రోజులకే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ పడిపోతోంది, ఎందుకు?

థర్మో_బెంచ్:
6 మి.మీ. ఇంకొనెల్ 600 షీత్‌తో (బయటి లోహపు గొట్టం), అన్‌గ్రౌండెడ్ జంక్షన్‌తో (తీగలు కలిసే చోటు షీత్‌ని తాకదు) కె టైప్ థర్మోకపుల్స్ (వేడి కొలిచే సెన్సర్లు) తయారు చేస్తున్నాం. సీల్ చేసిన రోజు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటర్) 1000 మెగాఓమ్‌ల పైనే చూపిస్తుంది. నాలుగైదు రోజులకు కొన్ని పీసులు 5 మెగాఓమ్‌ల లోపుకి దిగిపోతున్నాయి. పాట్‌కి (తీగలు బయటికొచ్చే చివర సీల్ చేసే కప్పు) ఎపాక్సీ వాడుతున్నాం. ఇంకో సమస్య: 950 డిగ్రీల ఫర్నేసులో కొన్ని 8–10 డిగ్రీలు తక్కువ చూపిస్తున్నాయని వెనక్కి వస్తున్నాయి. రెండింటికీ కారణం ఒకటేనా?

కొలిమి:
మొదటి రోజు బాగుండి తర్వాత పడిపోతోందంటే తేమ సీల్ అయ్యాక బయటి నుంచి వస్తోందన్నమాట. దారులు రెండే: పాట్, కొన దగ్గరి వెల్డు.

ఏదో తేల్చడం తేలికే. కొనను ఎర్రగా కాల్చి వెంటనే నీళ్లలో ముంచండి. పిన్‌హోల్ ఉంటే చల్లబడేటప్పుడు నీటిని లోపలికి లాగేస్తుంది, మెగ్గర్ ముల్లు పడిపోతుంది. పడకపోతే పాట్ వైపు హాట్ ఎయిర్ గన్‌తో కొద్దిగా వేడి చేస్తూ చూడండి. రీడింగ్ కదిలితే తేమ అక్కడే ఉంది.

పిన్‌హోల్‌కి మామూలు కారణం ఇన్సులేషన్‌గా నింపే మెగ్నీషియా పొడే. కండక్టర్లను కలిపి వెల్డ్ చేశాక కుహరంలో నింపే పొడి తడిగా ఉంటే, మూత వేసేటప్పుడు ఆవిరి కరిగిన లోహాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. డబ్బా తెరిచి ఉంచిన పొడి కొంత హైడ్రాక్సైడ్‌గా మారిపోతుంది. దానికి 110 డిగ్రీల ఓవెన్ చాలదు, హైడ్రాక్సైడ్ విడిపోవాలంటే 350 దాటాలి. షీత్ అంచు మీద పొడి రేణువు మిగిలినా వెల్డు అక్కడ అతుక్కోదు. అసిటోన్‌తో తుడిచాకే టిగ్ వెల్డింగ్ పెట్టండి.

పాట్ వైపు: షీత్ ఒలిచాక టార్చ్ మంటను చివరికి 150 మి.మీ. వెనక మొదలుపెట్టి చివరి వైపు జరపాలి. తిరగేసి చేస్తే తేమను లోపలికి తోసినట్టే. షీత్ ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఎపాక్సీ పోయండి. మంట పెట్టినప్పుడు ఏర్పడిన నల్లటి పొరను ఎమెరీతో తీయకపోతే ఎపాక్సీ షీత్‌ని పట్టుకోదు, ఆ సందులోంచే తేమ వస్తుంది.

క్యాలిబ్రేషన్_గది:
తక్కువ రీడింగ్‌కి వేరే కారణాలు వెతకాలి. బిగించిన రోజు నుంచే తక్కువా, వారాల తర్వాత మొదలైందా అన్నది ముందు కనుక్కోండి.

మొదటి రోజు నుంచే అయితే కేబుల్ చూడండి. కెఎక్స్ (కె టైప్‌కి సరిపోయే ఎక్స్‌టెన్షన్ కేబుల్) బదులు మామూలు రాగి తీగ లాగితే, టెర్మినల్ హెడ్‌కీ (కేబుల్ కలిపే డబ్బా) ప్యానెల్‌కీ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉంటే దాదాపు అంతే తగ్గుతుంది. కెఎక్స్ వేసి హెడ్‌లోనూ ప్యానెల్‌లోనూ ప్లస్ మైనస్ తారుమారు చేస్తే దానికి రెట్టింపు.

క్రమంగా తగ్గుతుంటే గ్రీన్ రాట్‌ని అనుమానించాలి. సుమారు 815 నుంచి 1040 డిగ్రీల మధ్య, ఆక్సిజన్ తక్కువగా ఉన్నచోట, క్రోమెల్ తీగలోని (కె టైప్‌లో నికెల్-క్రోమియం ప్లస్ తీగ) క్రోమియం ఒక్కటే ఆక్సీకరణం చెందుతుంది. మీ 950 సరిగ్గా మధ్యలో ఉంది. పాత పీసుని కోసి క్రోమెల్ తీగకి అయస్కాంతం పెట్టి చూడండి. మామూలుగా అంటుకోదు, పాడైనది అంటుకుంటుంది. విరిస్తే పచ్చటి పొర కనిపిస్తుంది.

అలాంటి పీసుని మళ్లీ క్యాలిబ్రేషన్ ఫర్నేసులో పెట్టి కరెక్షన్ రాసివ్వకండి. వోల్టేజి జంక్షన్‌లో పుట్టదు, తీగ పొడవునా ఉష్ణోగ్రత మారే చోట పుడుతుంది. చొప్పించే లోతు మారగానే పాడైన భాగం వేరే చోటికి వస్తుంది, దోషమూ మారిపోతుంది. పోల్చాలంటే అదే ఫర్నేసులో, పక్కనే ఎస్ టైప్ (ప్లాటినం తీగలది) పెట్టి చూడాలి.

థర్మో_బెంచ్:
రోజులు గడిచేకొద్దీ తగ్గుతున్నాయనే చెబుతున్నారు. ఎన్ టైప్‌కి మారితే సరిపోతుందా?

క్యాలిబ్రేషన్_గది:
950కి ఎన్ టైపే సరైనది. దాని ప్లస్ తీగ నైక్రోసిల్‌లో క్రోమియం, సిలికాన్ పాళ్లు ఎక్కువ, అందుకే ఈ రోగాన్ని బాగా తట్టుకుంటుంది. కానీ ఇన్‌స్ట్రుమెంట్ సెట్టింగ్ ఎన్‌కి మార్చాలి, కేబుల్ ఎన్‌ఎక్స్ కావాలి. 1000 డిగ్రీల దగ్గర కె 41.276 మిల్లీవోల్టులిస్తే ఎన్ 36.256 మాత్రమే. సెట్టింగ్ మరిచిపోతే వందకు పైగా డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, ఫర్నేస్ ఆ మేరకు ఎక్కువ కాలిపోతుంది. పంపే ప్రతి పీసు హెడ్ మీదా ట్యాగ్ కట్టండి.