విదేశీ యాప్‌లపై నిషేధం: కారణం చెప్పే బాధ్యత ప్రభుత్వానికి లేదా?

సీతమ్మధార న్యాయవాది: 2020 జూన్ 29న టిక్‌టాక్, యూసీ బ్రౌజర్, క్యామ్‌స్కానర్ సహా 59 చైనా యాప్‌లను కేంద్రం ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద నిలిపివేసింది. దేశ భద్రత వంటి కారణాలపై ఆన్‌లైన్ సమాచారాన్ని ఆపించే అధికారం ఆ సెక్షన్ ఇస్తుంది. ఆ అధికారం ఉండాలనే నేనూ అంటాను. అయితే ఉత్తర్వులో కారణాలు రాతపూర్వకంగా ఉంటాయి కాబట్టి వాటిని కోర్టులో రిట్ పిటిషన్ వేసి సవాలు చేయవచ్చంటూ 2015లో సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ తీర్పులో ఈ సెక్షన్‌ను సమర్థించింది. ఈ సెక్షన్ అమలుకు చేసిన 2009 నాటి నిబంధనల్లో 16వదేమో అంతా గోప్యంగా ఉంచమంటోంది. ఉత్తర్వే చేతికి రానివారు దేన్ని సవాలు చేయాలి?

డాక్‌యార్డ్ విశ్రాంత ఉద్యోగి: సరిహద్దులోని గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో మన సైనికులు 20 మంది ప్రాణాలర్పించిన రెండు వారాలకు వచ్చిన ఉత్తర్వు అది. చైనా 2017 నిఘా చట్టం ప్రకారం అక్కడి సంస్థలన్నీ ప్రభుత్వ నిఘాకు సహకరించి తీరాలి. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న విశాఖలో ఉంటూ ఇంకా కారణం అడుగుతున్నారా? ఆధార్ కార్డులూ ఆఫీసు కాగితాలూ క్యామ్‌స్కానర్‌లోకే కదా ఎక్కించాం!

పెందుర్తి: క్యామ్‌స్కానర్ మాత్రం బాగుండేదండీ.

గాజువాక టైలరింగ్: బ్లౌజుల చేతి పని వీడియోలు టిక్‌టాక్‌లో పెట్టేదాన్ని, వాటిని చూసే ఆర్డర్లు వచ్చేవి. రాత్రికి రాత్రి అంతా పోయింది. సూదిలో దారం ఎక్కించడం చూపిస్తే దేశ భద్రతకు ఏం ముప్పో ఎవరూ చెప్పలేదు.

డాక్‌యార్డ్ విశ్రాంత ఉద్యోగి: మీ నష్టం నాకు అర్థమైందమ్మా. మా మేనల్లుడు ఒక లోన్ యాప్‌లో అప్పు తీసుకుంటే, వాళ్లు అతని ఫోనులోని నంబర్లన్నిటికీ మార్ఫింగ్ ఫొటోలు పంపారు. అలాంటివాటిని ఆపడానికి కూడా నోటీసు ఇచ్చి, వాయిదాలు వేసి కూర్చోవాలా?

సీతమ్మధార న్యాయవాది: అది మోసం కేసు, భద్రత కేసు కాదు. భద్రత మాటకే వస్తే, 2019 డిసెంబరులో గూఢచర్యం ఆరోపణపై ఏడుగురు నౌకాదళ సిబ్బందిని మన రాష్ట్ర పోలీసులే అరెస్టు చేశారు. వారికి వల వేసింది ఫేస్‌బుక్‌లో అన్నారు. నౌకాదళం స్థావరాల్లో, నౌకల్లో ఫేస్‌బుక్‌నూ స్మార్ట్‌ఫోన్లనూ నిషేధించింది తప్ప దేశమంతటా ఫేస్‌బుక్‌ను మూయించలేదు.

డాక్‌యార్డ్ విశ్రాంత ఉద్యోగి: శత్రువునూ మిత్రుణ్నీ ఒకే గాటన కడుతున్నారు. ఇలా వాదించేవారికి సరిహద్దు అంటే ఏమిటో తెలియదు.

సీతమ్మధార న్యాయవాది: నా దేశభక్తికి మీ దగ్గర ధ్రువపత్రం తీసుకోవాల్సిన అవసరం నాకు లేదు.

ఎంవీపీ కాలనీ: పెద్దవారు, ఇద్దరూ కాస్త తగ్గండి.

డాక్‌యార్డ్ విశ్రాంత ఉద్యోగి: తగ్గే మాటే చెబుతాను. గేటు దగ్గర ఫోను అప్పగించి లోపలికి వెళ్లేవాళ్లం. ఎందుకని ఏనాడూ అడగలేదు. కొన్నింటికి కారణం చెబితే అదే శత్రువుకు సమాచారం అవుతుంది. ప్రభుత్వాన్ని ఆ మాత్రం నమ్మలేమా?

సీతమ్మధార న్యాయవాది: మన తగాదా అసలు ఇక్కడే ఉంది, చైనా దగ్గర కాదు. మీరు ఉద్యోగ నియమాలకు ఒప్పుకొని గేటు దాటారు. గాజువాక అమ్మగారు అలాంటి ఒప్పందమేదీ చేసుకోలేదు. అమెరికాలో టిక్‌టాక్ పేరు పెట్టి, చైనా యజమాని దాన్ని అమ్మకపోతే నిషేధమంటూ 2024లో చట్టం చేశారు. 2025 జనవరి 17న అక్కడి సుప్రీంకోర్టు ప్రభుత్వం సమర్పించిన రహస్య సాక్ష్యాన్ని పక్కనపెట్టి, బహిరంగ రికార్డు ఆధారంగానే ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది. కారణం బయటపెట్టినా ప్రభుత్వమే గెలిచింది.

డాక్‌యార్డ్ విశ్రాంత ఉద్యోగి: గెలిచి ఏం చేశారు? అధ్యక్షుడే దాని అమలును పదేపదే వాయిదా వేశారు. ఇక్కడ ఒక్క రాత్రిలో ఆగింది.

గాజువాక టైలరింగ్: ఆగింది నిజమేనండి. ఆ వీడియోలైనా తిరిగి తీసుకునే గడువు ఇచ్చి ఉండవచ్చు కదా అని మాత్రమే నా ప్రశ్న. దానికి మీరిద్దరూ జవాబు చెప్పలేదు.