అప్‌డేట్: మా వారి గురక, నిద్ర పరీక్ష తర్వాత

మా వారికి గురక మధ్యలో ఊపిరి ఆగిపోతోందని, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతున్నారని రాశాను కదా. ముక్కు పట్టీలు, దిండ్లు కాదు, ముందు నిద్ర పరీక్ష చేయించమని గట్టిగా చెప్పినవారికి చేతులెత్తి నమస్కారం.

సీతమ్మధారలో ఛాతీ వైద్యుడికి చూపించాం. పరీక్ష ఇంట్లోనే జరిగింది: వేలికి ఆక్సిజన్ క్లిప్పు, ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకి పట్టీ. గంటకు 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందట. 30 దాటితే తీవ్రమే. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుందని, బీపీ మందులకు లొంగకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చని డాక్టరు చెప్పారు.

సీపాప్ యంత్రం తీసుకున్నాం; నిద్రలో గాలి దారి మూసుకుపోకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపుతుంది. మొదట్లో మాస్కు అంచుల నుంచి గాలి కారి కళ్లు మండేవి. పట్టీలు బిగించినకొద్దీ ఇంకా ఎక్కువైంది. పడుకున్నాక, గాలి వస్తుండగా సర్ది, కాస్త వదులు చేస్తే కుదిరింది. విశాఖ ఉక్కకు చెమట, జిడ్డు పట్టేస్తాయి కాబట్టి మాస్కు రోజూ కడగాల్సిందే.

ఇప్పుడు గాజువాక నుంచి బండి మీద వస్తూ తూలడం లేదు. నా భయమంతా అదే! బరువు తగ్గే ప్రయత్నమూ సాగుతోంది. వచ్చే నెల యంత్రంలోని రికార్డు డాక్టరుకు చూపించాలి.