సాహసికుల ప్రసంగాల్లో గెలుపు కథ ఒక్కటే చాలా?

వైట్‌ఫీల్డ్ తెలుగు:
శనివారం బెంగళూరులో జరిగిన ఒక సాహస ఉత్సవానికి మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగు కుటుంబాలన్నీ పిల్లలతో వెళ్లాం. పర్వతారోహకులు, ఐరన్‌మ్యాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) పూర్తిచేసినవారు, మారథాన్‌ను మించిన అల్ట్రా పరుగులు తీసేవారు మాట్లాడారు. హాలు కిటకిటలాడింది. దాదాపు ప్రతి ప్రసంగం శిఖరం మీద జెండా పట్టుకున్న ఫోటోతోనే ముగిసింది. వాతావరణం చూసి వెనుదిరిగినవారు ఒక్కరూ వేదిక మీద లేరు. బయటకు వస్తే, హిమాలయ ట్రెక్కులకు పేర్లు నమోదు చేసుకునే స్టాలు దగ్గర పెద్ద వరుస! 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో మంచు తుఫానుకు చిక్కి, గైడ్లతో కలిపి 22 మంది ఉన్న బృందంలో 9 మంది చనిపోయారు. అది కర్ణాటక నుంచి వెళ్లిన బృందం. శిఖరం చేరకుండా తిరిగొచ్చిన ప్రయాణం గురించి కూడా ఇలాంటి వేదికల మీద తప్పనిసరిగా చెప్పించాలంటాను. మీరేమంటారు?

నిజామాబాద్ ఆడపడుచు:
నేను ఒప్పుకోను. మా జిల్లా పాకాల గ్రామానికి చెందిన మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు. వెంట ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్. ఇద్దరూ సంక్షేమ గురుకులాల పిల్లలు. ఆ వార్త తరవాత మా బంధువుల ఇళ్లలో ‘ఆడపిల్లవు, నీకెందుకు’ అనే నోళ్లు కొన్నైనా మూతపడ్డాయి. జాగ్రత్తలు చెప్పడానికి మన ఇళ్లలో తాతమ్మ నుంచి పక్కింటి అత్తయ్య దాకా అందరూ ఉన్నారు. ధైర్యం చెప్పేవారే కరవు. ఆ ఒక్క గంటనైనా ధైర్యానికి వదలండి.

జయనగర్ పరుగు:
పూర్ణ సంగతే తీసుకుందాం అమ్మా. ఆమె మొదట భువనగిరి రాతికొండ మీద శిక్షణ పొందింది. నేపాల్ వైపు 16 ఏళ్లు నిండనివారికి అనుమతి లేదు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కింది. ఆ ఏడాదే ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు దగ్గర మంచు చరియలు విరిగిపడి 16 మంది నేపాలీ గైడ్లు ప్రాణాలు కోల్పోయారు. ఇవన్నీ చెబితే ఆమె ఘనత రవ్వంత కూడా తగ్గదు. ఆ పిల్ల ఎంతకు తెగించిందో అప్పుడే తెలుస్తుంది.

పరుగువాళ్ల ప్రసంగాల గురించి నాకు ఇంకా కోపం ఉంది. ఐరన్‌మ్యాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన పూర్తి మారథాన్. ‘మనసుంటే చాలు, నొప్పిని పట్టించుకోకండి’ అని ఒక వక్త చెబితే చప్పట్లు కొట్టారు. నాకు మింగుడుపడలేదు. తొడ కండరం లాగడం వేరు, ఛాతీ బిగుసుకుపోవడం వేరు. రెండో దానికి అక్కడికక్కడే ఆగిపోవాలని అదే నోటితో ఎందుకు చెప్పరు?

నెల్లూరువాసి:
వైట్‌ఫీల్డ్ గారూ, సహస్రతాల్ మృతులను ఈ వాదనలోకి లాగకండి. వారిలో ఏళ్ల తరబడి కొండలు తిరిగినవారున్నారు. ప్రసంగం విని ఎగబడి వెళ్లినవారు కారు. మా జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలు ఎక్కారు. 2015లో ఆండీస్‌లో కన్నుమూశారు. ఆయన పేరెత్తగానే ‘చూశారా, ఏమైందో’ అనేవారిని చూస్తే నా కడుపు మండుతుంది.

వైట్‌ఫీల్డ్ తెలుగు:
చనిపోయినవారిని నేను తప్పుపట్టడం లేదండీ. అంత అనుభవం ఉన్నవారినే కొండ వదలనప్పుడు, కొత్తగా పేరిచ్చేవారికి ఆ మాట ముందే తెలియాలి కదా! నావికుడు అభిలాష్ టోమీని చూడండి. ఒంటరిగా తెరచాప పడవలో ప్రపంచం చుట్టివచ్చే 2018 గోల్డెన్ గ్లోబ్ పోటీలో హిందూ మహాసముద్రం మధ్య తెరచాప కొయ్య విరిగి, వెన్నెముక దెబ్బతిని, కదలలేని స్థితిలో ఉంటే ఫ్రెంచి నౌక కాపాడింది. మళ్లీ అదే పోటీకి వెళ్లి 2023లో రెండో స్థానంలో పూర్తిచేశారు. మొదటి సగం తీసేస్తే ఆ రెండో స్థానానికి విలువేముంది?

ట్రెక్ గైడు:
పడమటి కనుమల్లో జనాన్ని నడిపిస్తుంటాను. బూట్లు ఏ కంపెనీవి కొనాలని అందరూ అడుగుతారు. ఎన్ని గంటలకు వెనుదిరగాలో అడిగేవారు అరుదు. బెంగళూరు దగ్గరి నందికొండ 1,478 మీటర్లు. ఎన్నిసార్లు ఎక్కినా కాళ్లు గట్టిపడతాయి గానీ, 4,000 మీటర్ల దగ్గరి పలచటి గాలికి ఒళ్లు అలవాటు పడదు. 3,000 దాటాక రాత్రి నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. ఇది చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. వేదిక మీద మాకూ, హిమాలయాల్లో దారి చూపే షెర్పాలకూ కుర్చీ వేస్తే మేమే చెబుతాం.

నిజామాబాద్ ఆడపడుచు:
గైడ్లను పిలవాలన్న మాటకు పూర్తిగా మద్దతిస్తాను. కానీ అది సాయంత్రం విడిగా పెట్టండి. పిల్లలు మొదటిసారి కళ్లు విప్పార్చుకుని వింటున్నప్పుడు మధ్యలో హెచ్చరికలు దూర్చవద్దు.

వైట్‌ఫీల్డ్ తెలుగు:
సాయంత్రానికి సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. స్టాలు దగ్గర డబ్బు కట్టడం ఆపాటికే అయిపోతుంది. అందుకే అదే ప్రసంగంలో పది నిమిషాలు అడుగుతున్నాను. నిర్వాహకులకు ఈ వారమే లేఖ రాస్తున్నాను. గైడు గారూ, మీరు చెప్పిన ఎత్తుల లెక్క అందులో చేర్చవచ్చా?