ఇసుకరాయి పుట్టుక: జల్లెడ చాలా, క్వారీ గోడ చూడాలా?

మద్దిలపాలెం కుర్రోడు: ప్రాజెక్టు కోసం రాజమండ్రి ఇసుకరాయి తెచ్చి, నలిపి, జల్లెడ పట్టాను. స్క్యూనెస్ (రేణువుల సైజుల పంపిణీ ఏ వైపు సాగిందో చెప్పే అంకె) పాజిటివ్ వచ్చింది. బీచ్ ఇసుకకి నెగెటివ్, గాలి దిబ్బకి పాజిటివ్ అని 1961లోనే భూగర్భ శాస్త్రవేత్త ఫ్రీడ్‌మన్ చెప్పాడు కదా. గాలి మేట అని రాసేస్తే వైవాలో పట్టుకుంటారా? టెన్షన్‌గా ఉంది.

భీమిలి పాతకాపు: పట్టుకోకపోతే ఆ వైవా దండగ. నది ఇసుకకీ పాజిటివే వస్తుంది తమ్ముడూ, అదీ ఫ్రీడ్‌మన్ మాటే. ఇంకో చిక్కుంది. ఎర్రమట్టి దిబ్బల ఇసుక పిడికెడు నీళ్లలో కడిగితే ఎర్రటి బురద దిగి, కింద మరక పట్టిన క్వార్ట్జ్ మిగులుతుంది. ఆ బంకలో చాలా భాగం ఇసుకతో కొట్టుకొచ్చింది కాదు, మేట పడ్డాక ఖనిజాలు శిథిలమై పుట్టింది. దాన్నీ తూకంలో కలిపావా, సన్నరేణువుల వైపు తోక సాగి స్క్యూనెస్ పాజిటివ్ అయి కూర్చుంటుంది. ఆ దిబ్బల వయసు వేల ఏళ్లలో, నీ రాయిది లక్షల్లో. దాని లోపల ఎంత మారిందో ఆలోచించు. జల్లెడ మాట పక్కనపెట్టి క్వారీ గోడ చూడు.

కోర్ ల్యాబ్: అందరికీ క్వారీ దొరకదండీ. కృష్ణా-గోదావరి బేసిన్ బావుల్లోంచి మాకు వచ్చేది ఎక్కువగా పొడిపొడి చిప్పలే. వాటిలో క్రాస్ బెడ్డింగ్ (రాతిలోని ఏటవాలు పొరలు) ఎక్కడ వెతకను? ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో క్వార్ట్జ్ మీద వి ఆకారపు గంట్లు కనబడితే నీళ్లలో గుద్దుకుందని చెప్పొచ్చు. రేణువుల్ని మరీ చులకన చేయకండి.

భీమిలి పాతకాపు: చులకన కాదు మేడమ్, జల్లెడకి చేతకాని పని అప్పజెప్పొద్దంటున్నా. రేణువుల్ని అతికించే సిలికా సిమెంటు పేరుకుంటే ఆ గంట్లూ కప్పబడిపోతాయి. మీకు గామా లాగ్ (బావి పొడవునా రాతి సహజ రేడియోధార్మికత కొలత, సన్న బంక ఎక్కడ ఎక్కువో చూపిస్తుంది) ఉంటుందిగా. నది కాలువ మేట పైకి పోనుపోను సన్నబడుతుంది, ముందుకు జరిగే డెల్టాలో ముతకబడుతుంది. దాన్ని నేను ఎక్కువ నమ్ముతాను.

మద్దిలపాలెం కుర్రోడు: ఒక శాంపిల్‌లో గార్నెట్ ఖనిజం కనబడలేదు. తూర్పు కనుమల్లో గార్నెట్ ఉండే ఖోండలైట్ రాతి కొండల నుంచి రాలేదనైనా రాయొచ్చా?

కోర్ ల్యాబ్: వద్దు బాబూ. లోపల తిరిగే నీరు గార్నెట్‌ని కరిగించేయగలదు. జిర్కాన్, రూటైల్, టూర్మలిన్ లాంటి ఖనిజాలు తట్టుకుంటాయి. జిర్కాన్‌కి యురేనియం-సీసం వయసు తీయిస్తే, 90-100 కోట్ల ఏళ్ల దగ్గర తూర్పు కనుమల జాడ దొరకొచ్చు.

భీమిలి పాతకాపు: ఆ జిర్కాన్ కొండ నుంచి నేరుగా వచ్చిందా, దారిలో గోండ్వానా అనే పాత ఇసుకరాళ్లను కోసి గోదావరి తెచ్చిందా అన్నది వయసు చెప్పదు. అయినా అది పుట్టిల్లు ఎక్కడన్న ప్రశ్న, కుర్రోడు అడిగింది ఎక్కడ మేట వేసిందని. తమ్ముడూ, ముందు ధవళేశ్వరం వైపు వెళ్లి రాతి గోడ ముందు నిలబడు. క్రాస్ బెడ్ల వాలు ఎటో కంపాస్‌తో కొలువు. ఎదురెదురు దిక్కులకి వాలితే ఆటుపోట్లని అనుమానించు. అన్నీ ఒకవైపే వాలి, అడుగున గులకరాళ్లు పరుచుకుని ఉంటే గాలి మాట వదిలెయ్. గులకరాళ్లని మోసుకెళ్లేంత సత్తా దానికి లేదు.